పద్దు రాసేది ఎవరైనా, చదవాల్సింది యజమానే



కోనసీమలో కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు ఇప్పుడు ప్రోత్సాహం బాగానే ఉంది. 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి మనకు దగ్గర్లోని రాజమహేంద్రవరానికి వచ్చింది. ఇంటికో పారిశ్రామికవేత్త తయారవ్వాలన్నది ప్రభుత్వ నినాదం. కొత్తపేట డివిజన్‌లోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి నూనె ఆడేవాళ్లు, పీచు తీసేవాళ్లు ఉన్నారు. రాజోలు, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల మీద ఆధారపడి బతికే చిన్న సంస్థలున్నాయి. వీళ్లకోసం జరిగే సభల్లో అప్పు ఎలా తెచ్చుకోవాలో, సరుకు ఎలా అమ్ముకోవాలో చెబుతారు. లెక్కలు ఎవరు రాయాలన్నది మాత్రం చర్చకే రాదు. పెట్టుబడి పెట్టినవాడు పగలంతా సరుకు వెంట, కూలీల వెంట, బ్యాంకు వెంట తిరిగి, రాత్రి భోజనమయ్యాక బిల్లులు ముందేసుకుని కూర్చోవాలా? లేక నెలకింత అని మాట్లాడుకుని ఆ పని బయటివాళ్లకు అప్పగించాలా? నా అభిప్రాయం ముందే చెబుతాను. లెక్కలు రాసే పనిని మొదటి ఏడాది నుంచే బయటికి ఇవ్వాలి. రాసిన లెక్కను చదివే పనిని మాత్రం ఎప్పటికీ ఎవరికీ ఇవ్వకూడదు. మన చిన్న వ్యాపారాలు లెక్కల దగ్గర దెబ్బతినేది చాలావరకు ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లనే.

ముందు మొదటి సగం చూద్దాం. వ్యాపారి నెల ఎలా గడుస్తుందో క్యాలెండరు చూస్తే చాలు. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కి అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వేయాలి. పనివాళ్ల సంఖ్యను బట్టి 15కి పీఎఫ్, ఈఎస్ఐ. 20కి జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కట్టాలి. టర్నోవరు 5 కోట్లలోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకున్నా, మధ్య నెలల్లో 25వ తేదీలోగా పన్ను కట్టక తప్పదు. రిటర్ను ఆలస్యమైతే రుసుం రోజుకు 50 రూపాయలు, అసలు లావాదేవీలే లేకపోతే 20 రూపాయలు. చిన్న వ్యాపారికి దానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. అందుకే చాలామంది పోతే పోనీలే అనుకుంటారు. అసలు నష్టం ఆ రుసుములో లేదు. మీరు చెన్నైలోనో హైదరాబాదులోనో ఒక కంపెనీకి పీచు మ్యాట్లు పంపారనుకోండి. మీరు జీఎస్టీఆర్-1 సకాలంలో వేస్తేనే ఆ బిల్లు 14వ తేదీన వాళ్ల కొనుగోళ్ల పట్టిక జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ నెల ఆ పన్నును వాళ్లు తగ్గించుకోలేరు. 2022 జనవరి నుంచి చట్టం అలాగే ఉంది. అప్పుడు వాళ్ల అకౌంట్స్ విభాగం చేసే మొదటి పని మీ బిల్లు ఆపేయడం. సరుకు బాగున్నా, ధర కుదిరినా, మన కాగితం ఒక వారం వెనకబడితే డబ్బు ఒక నెల వెనకబడుతుంది. రెండోసారీ అలాగే జరిగితే ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

పైగా ఈ పని తీరిక ఉంటే ఎవరైనా చేసేది కాదు. మన కొబ్బరినే తీసుకోండి. కాయ మీద జీఎస్టీ లేదు. అదే కాయ నుంచి తీసిన నూనె మీద 5 శాతం ఉంది. ఒకే యూనిట్ కాయలూ అమ్మి, నూనే అమ్మితే, కరెంటు పరికరాల మీద, ప్యాకింగ్ సామాను మీద కట్టిన పన్నును మొత్తంగా తగ్గించుకునే వీలు లేదు. పన్ను ఉన్న అమ్మకాలెన్ని, లేనివెన్ని అని విడదీసి, ఆ నిష్పత్తిలోనే తగ్గించుకోవాలి. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరి నూనె వంటనూనా, తలనూనా అన్న వివాదం ఏళ్ల తరబడి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తలనూనె అని చీటీ వేసి అమ్మనంతవరకు అది వంటనూనే అవుతుందని 2024 డిసెంబరులో కోర్టు తేల్చింది. అప్పట్లో తలనూనె మీద పన్ను 18 శాతం, వంటనూనె మీద 5 శాతం. సీసా మీది చీటీలో ఒక మాట తేడాకు 13 శాతం పన్ను తేడా. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె కూడా 5 శాతంలోకే వచ్చింది. ఇలా మారుతూ ఉండే సంగతులను రోజూ చూస్తూ ఉండేవాళ్లు కావాలి. నూనె రుచి, పీచు నాణ్యత చూసుకోవాల్సిన మనిషి రాత్రి పదకొండింటికి కళ్లు నులుముకుంటూ ఈ పని చేస్తే అటు వ్యాపారమూ సరిగా ఉండదు, ఇటు లెక్కా సరిగా ఉండదు.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. లెక్కలు బయటికి ఇవ్వడమంటే మన దగ్గర సాధారణంగా ఏం జరుగుతుంది? మార్చి దాటాక, ఒక్కోసారి రిటర్ను గడువు నెత్తిమీదికి వచ్చాక, ఏడాది బిల్లులన్నీ ఒక కవర్లో కుక్కి ఆడిటర్ గారి ఆఫీసులో ఇచ్చి వస్తారు. ఆ కవర్లో ఉన్నవాటికి లెక్క తేలుతుంది. లేనివాటికి ఎవరు తేలుస్తారు? కొబ్బరి వ్యాపారంలో రోజువారీ జరిగేది చూడండి. యూనిట్ ముందు వ్యాను ఆగుతుంది. కాయలు దింపుతారు, ఎంచుతారు, నీటికాయ వేరు, పాతకాయ వేరు, కుళ్లింది పక్కకు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర క్వింటాలుకు పలుకుతుంది, కురిడీ అనే ఎండు కొబ్బరి వెయ్యి కాయలకు పలుకుతుంది. కురిడీలో మళ్లీ గండేరా రకం ధర వేరు, గటగట రకం ధర వేరు. వలిచినవాళ్లకు కూలి, వ్యానుకు కిరాయి, దింపు కార్మికులకు బయానా, అన్నీ అక్కడికక్కడే నోట్ల రూపంలో చేతులు మారతాయి. ఆ కాయల డబ్బు ఎవరికి వెళ్లింది? ఒకరోజులో ఒకరికి 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. పంట పండించిన రైతుకే నేరుగా ఇస్తే మినహాయింపు ఉంది. తోటలు కొని కాయలు తెచ్చి అమ్మే మధ్య వ్యాపారికి ఇస్తే ఆ మినహాయింపు లేదు. అంటే అమ్మింది రైతా, వ్యాపారా అన్న ఒక్క ముక్క వోచరు మీద ఉందా లేదా అన్నదాని మీద, ఆ రోజు ఖర్చు నిలబడుతుందా పోతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. ఆ ముక్క వ్యాను దగ్గర నిలబడ్డ మనిషికే తెలుస్తుంది. పది నెలల తర్వాత ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న అకౌంటెంటుకు తెలిసే దారి లేదు. అతను ఎంత చదువుకున్నవాడైనా, గటగటను గండేరా కింద రాసేస్తే తప్పు పట్టుకోవడానికి అతని దగ్గర ఆధారం ఉండదు.

కాబట్టి లెక్కలు బయటికి ఇచ్చే యజమాని మొట్టమొదట సరిచేసుకోవాల్సింది సొంత గుమ్మం దగ్గర. సరుకు వచ్చిన రోజునే వోచరు రాయాలి. ఎవరి దగ్గర కొన్నాం, రైతా వ్యాపారా, ఏ రకం, ఎంత, డబ్బు ఎలా ఇచ్చాం అన్నవి అందులో ఉండాలి. దాన్ని ఫొటో తీసి ఆ రాత్రికే పంపాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. తూకం దగ్గర ఉండే కుర్రాడికి నేర్పిస్తే రెండు వారాల్లో అలవాటైపోతుంది. ఆ తర్వాత రాత అంతా ఎవరు ఎక్కడ కూర్చుని చేసినా ఇబ్బంది లేదు.

ఈ మాటకు మన గడ్డ మీదే సాక్ష్యం ఉంది. 2000 తర్వాతి దశకం మధ్యలో, సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ ‘గ్రామ్ఐటీ’ అనే పేరుతో గోదావరి జిల్లాల పల్లెల్లో బీపీఓ కేంద్రాలు తెరిచింది. వాటిలో ఒకటి రావులపాలెం పక్కనున్న ఈతకోటలో. అరటి తోటల మధ్య ఊళ్లో, డిగ్రీ చదివిన స్థానిక యువత శిక్షణ పొంది, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కంపెనీల కాగితాల పని చేశారు. పల్లెటూరి పిల్లలకు ఇంత కచ్చితమైన పని అప్పగించవచ్చా అన్న సందేహానికి వాళ్లు తమ పనితో జవాబు చెప్పారు. అదే కథలో రెండో సగం 2009 జనవరి 7న బయటపడింది. ఆ రోజు రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయనతోపాటు మొత్తం పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ కంపెనీకి లెక్కలు రాసేవాళ్లు తక్కువా? ప్రపంచంలో పేరున్న ఆడిట్ సంస్థ లేదా? అన్నీ ఉన్నాయి. లేనిది ఒకటే. బ్యాంకులో నిజంగా ఎంత ఉందో బ్యాంకునే నేరుగా అడిగి తెలుసుకోవడం. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన ధ్రువపత్రాలను నమ్మారు. కింద కూర్చుని పద్దులు నమోదు చేసే మనిషి, తనకు ఏ కాగితం ఇస్తే అదే రాస్తాడు. అది అతని తప్పు కాదు, అతని పనే అది. ఆ కాగితం నిజమా కాదా అని చూసే బాధ్యత పైన ఉన్నవాళ్లది. సత్యంలో పైవాళ్లే మోసం చేశారు. చిన్న వ్యాపారంలో మోసం అక్కర్లేదు, యజమాని చూడకపోవడం చాలు, నష్టం దానంతటదే జరుగుతుంది.

అందువల్ల చదవడం అంటే ఏమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. తోటలో చెట్టెక్కడానికి దింపు మనిషిని పిలుస్తాం. గెల నరకడం అతని నేర్పు. కాయలు పోగేసి లెక్కపెట్టేటప్పుడు మాత్రం రైతు పక్కనే నిలబడతాడు. పద్దులకూ అంతే. నెల మొదటి వారంలో ఒక గంట కూర్చుని యజమాని మూడు సంగతులు చూడాలి. పుస్తకంలో చూపిన బ్యాంకు నిల్వ, తన ఫోన్లో బ్యాంకు చూపిస్తున్న నిల్వ ఒకటేనా? కాకపోతే తేడా ఎక్కడుందో ఆ రోజే అడగాలి. గోడౌనులో ఉన్న సరుకు, పుస్తకంలో ఉన్న సరుకు సరిపోతున్నాయా? ఇక ఎవరెవరి దగ్గర నుంచి ఎన్ని రోజులుగా డబ్బు రావాలి? ఈ మూడోది మన చిన్న పరిశ్రమలకు ఆయువుపట్టు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మార్పుతో, గడువు దాటించిన బకాయిని కట్టేదాకా కొన్నవాళ్లకు ఆ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో చూపుకునే వీలు లేదు. ఇంత బలమైన ఆయుధం చేతిలో ఉండి కూడా, ఏ బిల్లు ఏ తేదీదో తేల్చుకోలేక చాలామంది దాన్ని వాడుకోలేకపోతున్నారు. బకాయిల జాబితా తయారుచేసేది అకౌంటెంటే, కానీ ఫోన్ చేసి అడగాల్సింది యజమానే.

ఇంకొన్ని తాళాలు కూడా యజమాని దగ్గరే ఉండాలి. జీఎస్టీ పోర్టల్లో, ఆదాయపు పన్ను పోర్టల్లో యజమాని ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి. అకౌంటెంటువి పెడితే ఓటీపీల కోసం మాటిమాటికీ ఫోన్ చేసే పని తప్పుతుందని చాలాచోట్ల అలా చేస్తున్నారు. శాఖ పంపే నోటీసు పోర్టల్లో పడుతుంది, దాని సమాచారం ఆ నంబరుకే వెళ్తుంది. అకౌంటెంటు ఊళ్లో లేకపోయినా, మీతో పని మానేసినా, జవాబు గడువు దాటిపోయాక గానీ మీకు తెలియదు. డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవును వాళ్ల సొరుగులో వదిలి రావడమూ అంతే ప్రమాదం. బ్యాంకు ఖాతాను చూసే అనుమతి ఇవ్వొచ్చు, డబ్బు పంపే అనుమతి ఇవ్వకూడదు. కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్లో ఏ పద్దును ఎవరు ఎప్పుడు మార్చారో చెరిపేయలేని చిట్టా ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్లకు ఆ నిబంధన లేకపోయినా, ఆ సదుపాయం ఉన్న సాఫ్ట్‌వేరే అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు అభ్యంతరాలు చూద్దాం. చిన్న వ్యాపారికి అసలు పద్దులెందుకు, అంచనా పద్ధతి ఉంది కదా అంటారు. నిజమే. టర్నోవరు 2 కోట్లలోపు ఉంటే, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా, 8 శాతమో 6 శాతమో లాభం చూపి పన్ను కట్టేయవచ్చు. అయితే అది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి, ఎల్ఎల్‌పీకి వర్తించదు. స్టార్టప్‌గా పెట్టుబడి తెచ్చుకోవాలనుకునేవాళ్లు పెట్టేవి ఎక్కువగా అవే. అది వర్తించేవాళ్లకు కూడా నేనొక మాట చెబుతాను. పన్ను శాఖ మీ పద్దులు అడగనంది, అంతే. మీ నూనె లీటరుకు అసలు ఎంత పడుతోందో మీకు తెలియాల్సిన అవసరాన్ని ఎవరూ మాఫీ చేయలేదు. ధర తగ్గించి అమ్మమని ఒక పెద్ద కొనుగోలుదారు అడిగినప్పుడు, ఎంతదాకా తగ్గవచ్చో చెప్పేది ఆ పద్దులే.

అన్నయ్యో, మేనమామో, అల్లుడో చూసుకుంటాడు, బయటివాళ్లకు డబ్బెందుకు పోయాలి అన్నది రెండో అభ్యంతరం. ఇంటి మనిషి నిజాయితీపరుడే కావచ్చు. కానీ బాబాయిని కూర్చోబెట్టి ఈ 20,000 దేనికి రాశావని అడగగలమా? అడగలేని చోట లెక్క నిలవదు. బయటివాళ్లను అడగవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛ ఖరీదు నెలనెలా ఇచ్చే రుసుం కన్నా ఎక్కువ.

మూడో అభ్యంతరం బలమైనది. అమలాపురం చిన్న ఊరు. మా లెక్కలు రాసేవాళ్లే మా పోటీదారు లెక్కలూ రాస్తారు. మేం ఎవరి దగ్గర ఎంతకు కొంటున్నామో బయటికి పొక్కదా? ఈ భయాన్ని కొట్టిపారేయడం అన్యాయం. చార్టర్డ్ అకౌంటెంట్లకైతే 1949 నాటి చట్టం ప్రకారం క్లయింటు వివరాలు బయటపెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన, దానికి శిక్ష ఉంది. రోజువారీ పద్దులు రాసేవాళ్లలో చాలామంది చార్టర్డ్ అకౌంటెంట్లు కారు. కాబట్టి వాళ్లతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. గోప్యత, పని మానేస్తే పుస్తకాలు అప్పగించే గడువు, తప్పు జరిగితే రుసుం ఎవరు కట్టాలన్నది అందులో ఉండాలి. మన ప్రాంతంలో ఈ పని మాట మీదే జరిగిపోతోంది. అది మారాలి.

కంప్యూటరే అన్నీ చేస్తోందిగా అనేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు లావాదేవీలను సాఫ్ట్‌వేర్ దానంతటదే తెచ్చుకుంటుంది, నిజమే. వ్యాను దగ్గర చేతులు మారిన నోటు మాత్రం దానికి కనిపించదు.

ఇక అసలైన ప్రమాదం పుస్తకాలు మన చేతికి అందకపోవడం. 2024 డిసెంబరు 27న ఉత్తర అమెరికాలో చిన్న వ్యాపారాల లెక్కలు రాసే బెంచ్ అనే పెద్ద సంస్థ ముందస్తు హెచ్చరిక లేకుండా మూతపడింది. వేలాది వ్యాపారులు సంవత్సరాంతంలో తమ లెక్కలకే దూరమయ్యారు. కొద్దిరోజుల్లో ఇంకో సంస్థ దాన్ని కొనడంతో గండం గడిచింది గానీ, కొననట్లయితే ఏమయ్యేది? మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో వారానికి పైగా ఇంటర్నెట్ ఆగిపోయింది. లెక్కలన్నీ ఎక్కడో సర్వర్లో ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో తమ పద్దే తమకు కనపడలేదు. అలాగని కాగితాల పుస్తకాలే మేలని చెప్పలేం. 1996 నవంబరు 6 తుపాను చూసిన సీమ ఇది. 2025 అక్టోబరులో మొంథా తుపాను మన పక్కనే నరసాపురం దగ్గర తీరం దాటింది. సరుకు తడిసిపోతే బీమా కంపెనీ ముందుగా అడిగేది స్టాకు రిజిస్టరు. పాడైన సరుకు మీద తగ్గించుకున్న జీఎస్టీని తిరిగి కట్టాలి, దానికీ లెక్క కావాలి. అందుకే ప్రతి నెలా పుస్తకం పూర్తయ్యాక దాని ప్రతి ఒకటి యజమాని దగ్గర, ఇంకొకటి ఊరు దాటి వేరేచోట ఉండాలి. ఇది అకౌంటెంటుతో మొదటి రోజే ఒప్పుకోవాల్సిన షరతు.

ఖర్చు సంగతి మిగిలింది. ఒక్క చిన్న యూనిట్‌కు నెలనెలా రుసుం భారమే కావచ్చు. అంబాజీపేట, ముమ్మిడివరం, రాజోలు వంటి చోట్ల ఒకే రకం వ్యాపారం చేసే యూనిట్లు కొన్ని కలిసి ఒకే అకౌంటెంటును మాట్లాడుకోవచ్చు. గండేరాకీ గటగటకీ తేడా ఒకసారి నేర్చుకుంటే అతనికి అందరి లెక్కలకూ పనికొస్తుంది. 1951లో మొదలైన అమలాపురం ఎస్‌కేబీఆర్ కాలేజీ లాంటిచోట్ల డిగ్రీ చదివిన పిల్లలు హైదరాబాదు వెళ్లి అమెరికా కంపెనీల పద్దులు రాస్తున్న రోజులివి. ఈతకోటలో ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించిన పనిని, ఇప్పుడు మన యూనిట్ల కోసమే, మన ఊళ్లో కూర్చుని చేసేవాళ్లు దొరుకుతారు. లెక్కలు బయటికి ఇవ్వడం ఏప్రిల్ 1న మొదలుపెడితే ఆర్థిక సంవత్సరం పొడుగునా ఒకే తీరులో నడుస్తుంది. ఏప్రిల్ దాటిపోయినా ఊరుకోవద్దు. ఎన్ని నెలలు ఆలస్యమైతే అన్ని నెలల వోచర్లు వెనక్కి వెళ్లి వెతకాలి, వాటిలో సగం దొరకవు.